కొలత రాయవలసిన గడి

స్కానింగ్ సెంటరులో రిపోర్టులు చెప్పే గదికి ఒక కిటికీ ఉంది గాని, దానికి పెద్ద డాక్టరు మొదటి ఏడాదే నల్ల అట్ట కొట్టించాడు. తెర మీద బొమ్మ సరిగా కనబడాలంటే గది చీకటిగా ఉండాలి. ఆ చీకట్లో ఆయన కుర్చీ, కుర్చీకి ఎడమ పక్కన మూడడుగుల దూరంలో టైపిస్టు బల్ల. బల్ల మీద చిన్న దీపం. దాని వెలుగు కీబోర్డు దాటి పోకుండా ఆమే మందపాటి కాగితంతో టోపీ చేసి తొడిగింది. పందొమ్మిదేళ్ళుగా ఆయన చెప్పడం, ఆమె కొట్టడం. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పడు, ఆమె కీబోర్డు వంక చూడదు. ఇద్దరూ కలిసి ఎన్ని వేల ఛాతీలు, ఎన్ని వేల పొట్టలు చూసి ఉంటారో, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది మాత్రం తక్కువ.

ఆయన చెప్పే రిపోర్టుకు ఒక నడక ఉండేది. "కాలేయం నునుపుగా, ఏ గొడవా లేకుండా ఉంది" అనేవాడు. "గుండె తన చోట తాను కుదురుగా ఉంది" అనేవాడు. చివరి వాక్యానికి ముందు కాసేపు ఆగేవాడు. ఆ ఆగడంలో బొమ్మ నాలుగు మూలలూ మరోసారి చూసుకుంటున్నాడని టైపిస్టుకు తెలుసు. అందుకని అప్పుడు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునేది.

ఆయన రిపోర్టుల్లో అంకెలు ఉండేవి కావు. దానికో కారణముంది. సెంటరు తెరిచిన కొత్తలో ఒకావిడ తన రిపోర్టు మెట్ల మీదే తెరిచి చదువుకుంది. మూత్రపిండం మీద నాలుగు సెంటీమీటర్ల నీటితిత్తి అని అందులో ఉంది. అది ఎవరికీ ఏ హానీ చెయ్యనిది. అయినా నాలుగు సెంటీమీటర్లు అన్న మాట చూసి ఆవిడకు కళ్ళు తిరిగాయి. ఆరు మెట్లు దొర్లింది, మణికట్టు విరిగింది. ఆ మణికట్టు ఎక్స్‌రే కూడా పెద్ద డాక్టరే చూశాడు. అప్పటినుంచి హాని లేదనిపించిన దేనికీ ఆయన కొలత చెప్పలేదు. చిన్నది అనేవాడు, చెప్పుకోదగ్గది కాదు అనేవాడు, మునుపటిలాగే ఉంది అనేవాడు. చదివినవాళ్ళు నిశ్చింతగా మెట్లు దిగేవారు.

ఈ ఏడాది ఆయన అన్నగారి కూతురు సెంటరులో చేరింది. ఆమె కూడా ఆయనలాగే స్కానులు చూసే చదువు చదివి, మూడేళ్ళు పెద్ద ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. అందరూ చిన్న డాక్టరు అంటారు. ఆమె చేరిన రెండో నెలలో ఆ పెద్ద ఆసుపత్రి నుంచే ఉత్తరం వచ్చింది. ఇకమీదట తమ రోగుల రిపోర్టులు ఒకే తీరులో, తాము పంపిన టెంప్లేటులోనే ఉండాలన్నది దాని సారాంశం. ఒక్కో అవయవానికి ఒక్కో వరస, ఒక్కో వరసకు ఇన్ని గడులు. తప్పనిసరి గడి నింపకపోతే దాని పక్కన ఎర్ర చుక్క వెలుగుతుంది. ఎర్ర చుక్క ఒక్కటి మిగిలినా రిపోర్టు అచ్చుకు వెళ్ళదు. రెండు తీర్లు దేనికని సెంటరుకు వచ్చే అందరికీ అదే పెట్టారు.

పెద్ద డాక్టరు మొదటిరోజు ఆ ఫారాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ జరిపి చూశాడు.

"ఇది రిపోర్టా తల్లీ, బళ్ళో చేరే పిల్లల దరఖాస్తా?"

"దరఖాస్తయితే మంచిదేగా బాబాయ్. చదివేవాళ్ళకి ఏది ఎక్కడుందో తెలుస్తుంది. మీ రిపోర్టు వచ్చిందంటే సర్జన్లు టీ తెప్పించుకుని కూర్చుంటారట."

"కూర్చోనీ. నా రిపోర్టు చదువుతూ ఎవరైనా టీ చల్లార్చుకున్నారంటే అది నా గొప్పే."

"అన్నీ చదివాక, ఇంతకీ ఎంతుందీ అని నాకు ఫోన్ చేసేవాళ్ళు బాబాయ్. మీ రిపోర్టులు వంటల పుస్తకంలా ఉంటాయి. ఉప్పు తగినంత, కారం తగినంత."

"వంట వచ్చినవాళ్ళకి అది చాలు."

"రానివాళ్ళు కూడా తినాలిగా."

టైపిస్టుకు నవ్వొచ్చింది గాని చీకట్లో ఎవరూ చూడలేదు.

చిన్న డాక్టరు తన రిపోర్టులు తానే నింపుకునేది. మౌసుతో టకటకా నొక్కుకుంటూ పోయేది, నోటితో ఒక్క మాట చెప్పేది కాదు. ఆ టకటక పక్క గదిలోంచి వినబడినప్పుడల్లా టైపిస్టు తన ఉద్యోగం గురించి ఆలోచించేది. ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. ఫారం నింపడానికి పెద్ద డాక్టరు మౌసు ముట్టుకుంటే కదా. ఆయన ఎప్పటిలాగే వాక్యాలు చెప్పేవాడు, ఆమె వాటిని కోసి గడుల్లో పెట్టేది. కుదురుగా ఉన్న గుండె 'మామూలు' అయింది. గొడవలేని కాలేయం కూడా 'మామూలు' అయింది.

"ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా మామూలేనన్నమాట" అన్నాడాయన ఒకరోజు. "ఏమ్మా, ఈ ఎర్ర చుక్క దగ్గర మన పప్పులుడకవా?"

"ఉడకవు సార్. ఖాళీ వదిలితే ఒప్పుకోదు."

నాలుగు వారాలు అలా గడిచాయి. ఐదో వారం మంగళవారం నాడు ఈత మాస్టారు వచ్చాడు.

ఆ ఊళ్ళో ఈత వచ్చిన పిల్లల్లో సగం మంది ఆయన చేతి మీదే తేలారు. యాభై నాలుగేళ్ళ మనిషి, విశాలమైన భుజాలు, మెడలో ఎప్పుడూ ఈల. టైపిస్టు కూతురు తొమ్మిదేళ్ళప్పుడు బకెట్టు నీళ్ళకు కూడా జంకేది. ఆ పిల్లను ఆయన ఒక్క వేసవిలో కొలనుకు ఈ చివరి నుంచి ఆ చివరకు ఈదించాడు. మూడేళ్ళ క్రితం విడవని దగ్గుతో మొదటిసారి ఛాతీ స్కానుకు వచ్చాడు. దగ్గు దానంతటదే తగ్గింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మాత్రం ఒక బుడిపె కనబడింది. ఏడాదికోసారి చూసుకుంటే చాలన్నాడు పెద్ద డాక్టరు. అందుకని ఏడాదికోసారి వస్తున్నాడు. ఇది నాలుగోసారి.

స్కాను తీసే అతనిని సెంటరులో అందరూ బిగపట్టు అంటారు. రోజుకు అరవైసార్లు "ఊపిరి బిగపట్టండి" అనడం అతని పని.

"ఊపిరి బిగపట్టండి మాస్టారూ."

"ఎంతసేపు?"

"పది సెకన్లు."

"పది సెకన్లకి నన్ను ఇంత దూరం రప్పించావా! రెండు నిమిషాలు పడతాను, ఈలోగా వెళ్ళి భోంచేసిరా."

"మీకేం మాస్టారూ, మీరు చేప. నేను ఇక్కణ్ణించి కదిలితే మా డాక్టరుగారు నన్ను వేపుతారు."

స్కాను అయ్యాక మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ రిపోర్టుల గది గుమ్మంలో తల పెట్టాడు.

"ఏమ్మా, మీ అమ్మాయి ఈదుతోందా, మునుగుతోందా?"

"ఉద్యోగంలో ఈదుతోంది మాస్టారూ. పాత ఫిల్ము తెచ్చారా?"

వెనక నించున్న ఆయన భార్య జవాబిచ్చింది. "లేదమ్మా. నేను కవరు తీసి పెట్టాను. ప్రతిసారీ అదే రాస్తున్నారుగా, అంత అట్ట మోసుకుపోవడం దేనికి అన్నారీయన."

"మరి! మునుపటిలాగే, మునుపటిలాగే. నాకే కంఠతా వచ్చేసింది" అన్నాడు మాస్టారు. "త్వరగా ఇప్పించమ్మా, పన్నెండింటికి పిల్లలొస్తారు. వచ్చే నెలలో పోటీలు. అసలు పోటీలయ్యాకే వద్దామనుకున్నాను, ఈవిడ చెవిలో జోరీగలా చేరి లాక్కొచ్చింది."

"కూర్చోండి, పిలుస్తాను."

వాళ్ళిద్దరూ వెళ్ళి నడవలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు బయటికి తీసింది. రిపోర్టు రాగానే చదవడానికి అలా సిద్ధంగా ఉండడం ఆమె అలవాటు.

లోపల పెద్ద డాక్టరు బొమ్మలు జరుపుకుంటూ పోయాడు. "ఊపిరితిత్తులు బాగా నిండి ఉన్నాయి. ఈతగాడి ఊపిరి కదా. ఈతగాడు అని రాయకు. కుడివైపు పైభాగంలో చిన్న బుడిపె, మునుపటిలాగే."

టైపిస్టు కొట్టింది. బుడిపె వరస తెరుచుకుంది. చోటు, అంచులు, కొలత, పాత కొలత, తేడా. ఐదు గడులు, ఐదు ఎర్ర చుక్కలు. చోటూ అంచులూ ఆయన చెప్పగా నింపింది.

"కొలత అడుగుతోంది సార్."

ఆయన విసుగ్గా మౌసు అందుకున్నాడు. బుడిపె ఒక అంచున నొక్కి రెండో అంచుదాకా లాగితే అంకె దానంతటదే పడుతుంది. పన్నెండు మిల్లీమీటర్లు అని పడింది. ఆయన దాన్ని చెరిపి మళ్ళీ లాగాడు. మళ్ళీ పన్నెండే.

"పన్నెండు" అన్నాడు.

ఆమె గడిలో పన్నెండు వేసింది. మూడో చుక్క ఆరిపోయింది. "పాత కొలత?"

"పోయినసారి రిపోర్టు తియ్యి."

తీసింది. చిన్న బుడిపె, మునుపటిలాగే ఉంది. అంతకుముందుది తీసింది. అదే వాక్యం. మొదటిది తీసింది. చిన్న బుడిపె ఒకటి కనబడుతోంది, చెప్పుకోదగ్గది కాదు. మూడింట్లోనూ అంకె లేదు. మూడూ తాను కొట్టినవే.

పెద్ద డాక్టరు కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు. "పాత స్కాను అందుబాటులో లేదు అని ఒక మాట ఉంటుందిగా, అది పెట్టు."

ఆ మాట ఆ గడిలో నిజంగానే ఉంది. నొక్కితే పాత కొలత, తేడా రెండు గడుల చుక్కలూ ఒక్కసారే ఆరిపోతాయి. ఫారం అడుగున సలహా కూడా దానంతటదే వచ్చి పడుతుంది. టైపిస్టు నొక్కింది. 'మూడు నెలల తరవాత మళ్ళీ స్కాను చేయించాలి' అని పడింది.

"మూడు నెలలేగా" అన్నాడాయన. "చూద్దాం."

మూడు నెలలంటే మాస్టారి లెక్కలో ఎంతో టైపిస్టుకు తెలుసు. పోటీలవుతాయి. తరవాత వేసవి, కొత్త పిల్లలు. నీళ్ళలోంచి ఆయన్ని బయటికి లాగడం ఆయన భార్య వల్ల కూడా కాదు. రిపోర్టులో మునుపటిలాగే అని లేకపోయినా ఉన్నట్టే చదువుకుంటాడు. కంఠతా వచ్చిన పాఠాన్ని మళ్ళీ ఎవరు చూసి చదువుతారు?

ఆమెకు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం ఇదే చీకట్లో ఆయన "ఆరు మిల్లీమీటర్ల బుడిపె" అన్నాడు. ఆమె కొట్టింది. అప్పుడాయన, "ఉండు, ఆరు తీసెయ్. చిన్న బుడిపె అని పెట్టు. ఆయన భార్య బయట కూర్చుంది, ఆవిడ ప్రతి అక్షరం చదువుతుంది" అన్నాడు. ఆమె తీసేసింది. అప్పుడు అది మంచి పనిలాగే అనిపించింది.

అచ్చుకు పంపే మీట మీద వేలు ఉంచి, నొక్కకుండా ఆగింది.

"ఏమ్మా?"

"డిస్కులున్నాయి సార్. ఏడాది దాటినవన్నీ డిస్కుల్లోకి ఎక్కించి ఇనప బీరువాలో పెడుతున్నాం కదా."

"ఆ బీరువాలో ఏది ఎక్కడుందో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు సార్."

పక్క గదిలో చిన్న డాక్టరు మౌసు టకటకలాడుతోంది. బిగపట్టు ఎవరినో ఊపిరి బిగపట్టమంటున్నాడు.

"మొదటిసారి మీరు ఆరు అన్నారు సార్" అంది టైపిస్టు.

"నీకు గుర్తుందా?"

"కొట్టినవి గుర్తుండవు సార్. తీసెయ్యమన్నవి గుర్తుంటాయి."

ఆమె ఆ మాట నెమ్మదిగానే అంది. అన్నాక లేచి, ఆయన వెళ్ళమనే లోపే వెళ్ళింది.

ఇనప బీరువా నడవ చివర ఉంది. తలుపు తీస్తే కిర్రుమంటుంది. మాస్టారి భార్య తలెత్తి చూసింది. "ఏమైనా ఆలస్యమవుతుందా అమ్మా?"

"కాస్త పడుతుందండీ."

"పోయినసారి లాగేగా?"

టైపిస్టు బీరువాలోకి వంగింది. "చూస్తున్నారండీ" అని, డిస్కుల పెట్టె ముందుకు లాక్కుంది. డిస్కులు తేదీల వరసన ఉన్నాయి. ప్రతి కవరు మీదా పేరు, సంఖ్య ఆమె చేతిరాతే. మూడూ దొరకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మాస్టారు గోడ గడియారం వంక, తన చేతి గడియారం వంక చూసుకుని రెండూ ఒకే టైము చూపిస్తున్నాయో లేదో సరిచూస్తున్నాడు.

ఆమె డిస్కులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన వాటిని ముట్టుకోలేదు. ఆమె తన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పందొమ్మిదేళ్ళుగా చివరి వాక్యానికి ముందు కూర్చున్నట్టే.

కొంతసేపటికి ఆయన మొదటి డిస్కు తీసి కంప్యూటరులో దూర్చాడు. బొమ్మ తెరుచుకోవడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆ చోటికి వెళ్ళి, ఒక అంచున నొక్కి, లాగాడు. ఆరు. రెండో డిస్కు. ఏడు. మూడోది. తొమ్మిది. నాలుగు బొమ్మలూ తెర మీద పక్కపక్కనే పరిచాడు.

మొదటిదీ రెండోదీ చూస్తే ఒకేలా ఉన్నాయి. రెండోదీ మూడోదీ చూసినా అంతే. మూడోదీ ఇవాళ్టిదీ కూడా, తొందరలో ఉన్న కంటికి ఒకటే. మాస్టారు ప్రతిసారీ ఒక్క పోయినేటి ఫిల్మే పట్టుకొచ్చేవాడు. ఈయన ప్రతిసారీ దాన్ని ఫిల్ములు చూసే దీపపు పెట్టె మీద పెట్టి, కొత్తదానితో పోల్చి, మునుపటిలాగే అనేవాడు. ఇవాళ తప్ప, చూడకుండా ఒక్కసారీ అనలేదు. మధ్య రెండూ వదిలేసి మొదటిదాన్నీ నాలుగోదాన్నీ చూస్తే మాత్రం, డాక్టరు చదువు లేనివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. టైపిస్టుకు తెలిసిపోయింది.

"మా అమ్మాయిని పిలువు" అన్నాడాయన.

చిన్న డాక్టరు వచ్చి ఆయన కుర్చీ వెనక నించుంది. చూసింది. నాలుగు అంకెలూ చదివింది. అంచులు చూడ్డానికి ముందుకు వంగింది.

"ఆపరేషన్‌కి పంపాలి బాబాయ్. ఇంకా చెయ్యి దాటిపోలేదు. చుట్టుపక్కల గ్రంథులు బాగానే ఉన్నాయి. ఈ సైజులో ఇప్పుడే తీసేస్తే..."

"తెలుసు."

"పోయినేడు తొమ్మిది ఉన్నప్పుడే పంపాల్సింది."

"అదీ తెలుసమ్మా."

మంచి పిల్ల. దరఖాస్తు గురించి గానీ, తగినంత ఉప్పు గురించి గానీ ఒక్క మాట ఎత్తలేదు. పెద్ద డాక్టరు ఆ మౌనాన్ని కూడా లెక్కలో వేసుకుని ఉంటాడు.

"నొక్కమ్మా" అన్నాడు టైపిస్టుతో. "పాత కొలత తొమ్మిది. అంతకుముందు ఏడు. మొట్టమొదట ఆరు. తేడా, పెరిగింది."

ఆమె అందుబాటులో లేదన్న మాట చెరిపితే రెండు చుక్కలూ మళ్ళీ వెలిగాయి; అంకెలు నింపింది. చుక్కలు ఒక్కొక్కటే ఆరాయి. అడుగున సలహా మారింది. 'ఆలస్యం లేకుండా ఊపిరితిత్తుల సర్జనుకు చూపించాలి' అని పడింది.

"ఇతర విషయాలు అని గడి ఉందా?"

"ఉంది సార్. రెండు వందల అక్షరాలు పడతాయి."

"అన్ని అక్కర్లేదు. రాయి. బుడిపె మొదటి స్కాను నుంచీ పెరుగుతూనే ఉంది. గత మూడు రిపోర్టుల్లో కొలత రాయలేదు. రాయవలసింది."

టైపిస్టు రాసింది. ఫారం మీద ఆ గడి పక్కన ఎర్ర చుక్క లేదు. అది తప్పనిసరి గడి కాదు.

చిన్న డాక్టరు గొంతు సవరించుకుంది. "బాబాయ్, చివరి రెండు వాక్యాలూ అవసరం లేదేమో. పాత కొలతలు ఇచ్చారుగా, సర్జనుకి అవి చాలు. ఇది చదివి వాళ్ళు ఏమైనా అంటే..."

"అంటారు."

"గొడవ కూడా చెయ్యొచ్చు."

"చెయ్యొచ్చు. నేను రాయనిదానికి చేస్తే న్యాయమే. రాసినదానికి చేస్తారని తీసేస్తే, మళ్ళీ మొదటికొచ్చాం." ఆయన టైపిస్టు వైపు తిరిగాడు. చీకట్లో ఆయన ముఖం ఆమెకు పూర్తిగా కనబడలేదు. "నువ్వు చెప్పమ్మా, తీసెయ్యనా?"

"తీసేస్తే నాకు మళ్ళీ గుర్తుండిపోతుంది సార్" అందామె.

"పంపు."

ఆమె నొక్కింది. అచ్చుయంత్రం కాగితం మింగి బయటికి తోసింది. పెద్ద డాక్టరు లేచి, గది దీపం వేశాడు. పనివేళలో ఆ గదిలో పెద్ద దీపం వెలగడం టైపిస్టు ఎన్నడూ చూడలేదు. గోడల మీద సున్నం అక్కడక్కడా పెచ్చులూడింది. నల్ల అట్ట అంచులు వంకర తిరిగాయి. ఆయన చొక్కా జేబు దగ్గర సిరా మరక.

"వాళ్ళని రమ్మను. ఇక్కడికే."

మాస్టారు, ఆయన భార్య వచ్చారు. ఉన్నవి రెండే కుర్చీలు. చిన్న డాక్టరు తన గదిలోంచి ఇంకో రెండు తెచ్చింది. మాస్టారు కూర్చోలేదు. "పన్నెండవుతోంది డాక్టరుగారూ, పిల్లలు కొలను దగ్గర..."

"కూర్చో మాస్టారూ" అన్నాడు పెద్ద డాక్టరు. ఎప్పుడూ అనే మాటే. అన్న తీరుకు మాస్టారు కూర్చున్నాడు.

ఆయన చెప్పాడు. అలంకారాలేమీ లేకుండా చెప్పాడు. అప్పుడు ఆరు, తరవాత ఏడు, తరవాత తొమ్మిది, ఇప్పుడు పన్నెండు. నేను కొలత రాసి ఉంటే పోయినేడే తెలిసేది. రాయలేదు. ఇప్పుడు తీయించుకోవాలి. ఈ వారంలోనే సర్జన్ని కలవాలి, నేను ఫోన్ చేసి పెడతాను.

మాస్టారి భార్య రిపోర్టు తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. పాత రిపోర్టులయితే చదువుతూనే ఆమె ముఖం తేటపడేది. ఇప్పుడు వేలితో ఒక్కో గడీ తాకుతూ పోయి, చివరి గడి దగ్గర ఆగింది. మూడు వాక్యాలూ చదివింది. మళ్ళీ మొదటి వాక్యానికి వెళ్ళింది.

"మేం ప్రతిసారీ వచ్చామండీ" అంది. "చెప్పిన టైముకే వచ్చాం."

"వచ్చారమ్మా."

"మరి..." అని ఆగిపోయింది. కాగితం మడిచి సంచిలో పెట్టలేదు, ఒళ్ళోనే ఉంచుకుంది.

మాస్టారు ఈలను వేళ్ళతో తిప్పుతున్నాడు. "పన్నెండు మిల్లీమీటర్లంటే ఎంతుంటుంది?"

టైపిస్టు సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి ఇచ్చింది. పెద్ద డాక్టరు దాని మీద గోటితో గుర్తు చూపించాడు. మాస్టారు తన చిటికెనవేలు ఆ గుర్తు పక్కన పెట్టి చూసుకున్నాడు. గోటికన్నా కాస్త ఎక్కువ.

"ఇంతేనా! చిన్నదేగా డాక్టరుగారూ?"

అంటూ అందరి ముఖాల వంకా చూశాడు. ఆ గదిలో ఆ మాట ఎన్నిసార్లు పలికిందో టైపిస్టు లెక్కపెట్టలేదు. పెద్ద డాక్టరు స్కేలు తిరిగి అందుకున్నాడు.

"పన్నెండు మిల్లీమీటర్లు" అన్నాడు.

మాస్టారు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తరవాత ఈల మెడలోంచి తీసి భార్య చేతికిచ్చి, "పిల్లలకి ఫోన్ చెయ్యి, ఇవాళ లేదని" అన్నాడు.

వాళ్ళు మెట్లు దిగడం టైపిస్టు నడవలో నించుని చూసింది. ఆయన భార్య ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగారు.

ఆమె తిరిగి వచ్చేసరికి గదిలో పెద్ద దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పెద్ద డాక్టరు సర్జనుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గురువారం పదింటికి అన్న మాట వినబడింది. ఫోన్ పెట్టేసి, ఆమె బల్ల వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"పాత రిపోర్టుల్లో ఒక మాట కోసం వెతకొచ్చా?"

"వెతకొచ్చు సార్."

"ఊపిరితిత్తులవి. చిన్న బుడిపె."

ఆమె ఆ రెండు మాటలూ కొట్టింది. కంప్యూటరు కొంచెంసేపు ఆలోచించింది. నూట ముప్ఫై ఏడు అని చూపించింది.

"నూట ముప్ఫై ఏడు సార్."

"అందులో మళ్ళీ రానివాళ్ళు ఎంతమంది?"

"అది ఒక్కొక్కటీ తీసి చూడాలి సార్. డిస్కులు కూడా."

చిన్న డాక్టరు గుమ్మంలో నించుని వింటోంది. "సగం నాకివ్వండి బాబాయ్" అంది.

"ఇవాళ్టి రోగుల్ని నువ్వు చూడు తల్లీ. ఇవి నావి." ఆయన లేచి దీపం ఆర్పాడు. చీకట్లో కుర్చీ తడుముకుని కూర్చుని, మౌసు దగ్గరికి లాక్కున్నాడు. "ఏమ్మా, అందరికన్నా పాతవాళ్ళ నుంచి మొదలుపెడదామా?"

టైపిస్టు అప్పటికే బీరువా తాళంచెవి పట్టుకుని నడవలోకి వెళ్ళింది.